పెరటి చెట్టును, సాలలోని గుఱ్ఱమును

ఈ మాసమున మా శీర్షికలో గుఱ్ఱపుపందెముల ప్రసక్తి వచ్చుచున్నదనగానే మీలో పలువురు ముక్కున వ్రేలిడుకొందురని మేమెఱుగుదుము. మలక్‌పేటలోనో, గిండీలోనో పందెములు జరుగునాడు నెల జీతమంతయు పోగొట్టుకొని రిక్తహస్తములతో ఇల్లు చేరిన మగవారిని, ఆ రాత్రి పొయ్యి వెలుగని యిండ్లను మనమందఱము వినియే యున్నాము. ఆ జూదమును పొగడుట మా యుద్దేశము కాదు. మేము వ్రాయబూనినది పందెమును గూర్చి కాక పెంపకమును గూర్చి. పెద్ద యిండ్లలో, పెద్ద సాలలలో, పదిమంది నడుమ పుట్టిన ప్రాణి యొకటి యెట్లు చేజేతుల పాడుచేయబడునో, ఆ పాడుచేయువారు క్రూరులు కానక్కఱలేదనియు తెలుపుటకే యీ ప్రయత్నము.

దీనికి కారణము మా యింటనే పుట్టినది. మాకిద్దఱు కూతుండ్రు. పెద్దది పదవ తరగతి చదువుచున్నది, చుఱుకైన పిల్ల. రెండవదానికి తొమ్మిదేండ్లు. ఏ పనియు వేగిరముగా చేయదు. పిలిచినచో రెండవ పిలుపునకు గాని పలుకదు. గత మాసమున బడినుండి వచ్చిన పత్రములో దాని పేరునకెదురుగా "సోమరి" అని వ్రాసియుండెను. మేమును అట్లే తలంచుచుంటిమి గనుక ఆ మాట మాకు నొప్పి కలిగింపలేదు. పెద్దదాని పరీక్షలు ముగియువఱకు చిన్నదానిని మా పుట్టినింటికి పంపివేసి, అక్కడి బడిలోనే చేర్చిన బాగుండునని మా వారితో నంటిమి. వారు బడిపంతులు గారే యైనను వెంటనే బదులు చెప్పలేదు. రాత్రి భోజనములైన పిమ్మట, "ముందు ఒక గుఱ్ఱము కథ వినుము, తరువాత నీ యిష్టము" అనిరి. ఆ రాత్రి వారు చెప్పినదియు, అటుపిమ్మట మేము చదివి తెలిసికొన్నదియు నిందు వ్రాయుచున్నాము.

ఆ గుఱ్ఱము పేరు సీబిస్కెట్. 1933వ సంవత్సరము మే 23వ తేదీన అమెరికాదేశమున కెంటకీ రాష్ట్రములో పుట్టెను. వంశము గొప్పది. దాని తాత మేన్ ఓ వార్ అను జగత్ప్రసిద్ధమైన పందెపుగుఱ్ఱము. తండ్రి హార్డ్ టాక్. వేగమునకును, కోపమునకును గూడ పేరుపడినది. అయితే యీ పిల్లకు తాతగారి ఠీవి రాలేదు. పొట్టి యాకారము, ముడులు తేఱిన మోకాళ్లు, పూర్తిగా చక్కబడని ముంగాళ్లు. తినుటయన్నను, పడుకొనుటయన్నను మిక్కిలి మక్కువ. ఇతర గుఱ్ఱములు వేకువనే లేచి కాళ్లు దువ్వుచుండగా నిది నిద్రించుచునే యుండెడిదట.

దీని యజమానులు సామాన్యులు కారు. వీట్లీ అశ్వశాల యనునది గ్లాడిస్ మిల్స్ ఫిప్స్ అను సంపన్నురాలును, ఆమె సోదరుడు ఆగ్డెన్ మిల్స్ గారును నెలకొల్పినది. ఆ సోదరుడు 1932, 1933 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వమున ఆర్థికమంత్రి. వారి శిక్షకుడు జేమ్స్ ఫిట్జ్‌సిమ్మన్స్. ఆ కాలమున అతనికి సాటి చెప్పదగినవారు మిక్కిలి తక్కువ. అమెరికాలో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్ అను మూడు పందెములను ఒకే యేట గెలిచిన మూడేండ్ల గుఱ్ఱమునకు త్రికిరీటమను గౌరవము కలదు. 1930లో గాలంట్ ఫాక్స్, 1935లో దాని కొడుకు ఒమాహా, ఈ తండ్రీకొడుకులు రెండును ఇతని చేతిలోనే ఆ కిరీటమును గెలిచినవి. ధనమునకు కొదువ లేదు, దాణాకు కొదువ లేదు, విద్యకు కొదువ లేదు. మఱి లోపమెక్కడ వచ్చినది?

ఆ 1935వ సంవత్సరమే సీబిస్కెట్ మొదటిసారి పందెములోనికి దిగిన యేడు. ఒమాహా త్రికిరీటము గెలుచుచున్న యేట అదే శిక్షకుని చేతిక్రింద నున్న యీ పొట్టి గుఱ్ఱమును నిదానముగా చూచుటకు ఎవరికి తీఱిక? చురుకు గలదానిని పెద్ద పందెములకై దాచి, తిని పడుకొనుదానిని ఊరూర చిన్న పందెములకు త్రిప్పిరి. ఆ యొక్క సంవత్సరములో అది 35 మారులు పరుగెత్తెను. ఈ కాలమున అమెరికాలో ఒక్కొక్క గుఱ్ఱము ఏడాదికి సగటున ఆఱేడు మారులకంటె నెక్కువగా పరుగెత్తదు. పలు గుఱ్ఱములు తమ జీవితకాలమంతటను 35 పందెములెఱుగవు. మొదటి 17 పందెములలో అదొక్కటియు గెలువలేదు. ఏడాది ముగియునప్పటికి గెలుపులు అయిదే.

ఇందొక విశేషమును సోదరీమణులు గమనింపవలెను. ఉత్తరార్ధగోళమున మేలుజాతి పందెపుగుఱ్ఱములన్నిటికిని, ఎప్పుడు పుట్టినను, జనవరి 1వ తేదీయే పుట్టినదినముగా లెక్కింతురు. కావున మే నెల చివర పుట్టిన సీబిస్కెట్‌కు 1935 జనవరిలో లెక్కకు రెండేండ్లు. నిజమునకు సుమారు ఇరువది నెలలే. ఆ నెలలోనే దానిని పందెములో దింపిరి. ఆ ప్రాయమునకు గుఱ్ఱము మోకాలికి పైనున్న యెముక ఇంకను పెరుగుచునే యుండును. అది గట్టిపడుటకు రెండేండ్లు మొదలు రెండున్నరేండ్లు పట్టును, వెన్నెముకకు అంతకంటె చాలా యెక్కువ కాలము పట్టును. లేతప్రాయమున మితమైన పరుగు ఎముకకు బలమునే యిచ్చునని నేటి పశువైద్యులు చెప్పుచున్నారు. అపకారము చేయునది అతి. ఒకే తరగతిలో జనవరిలో పుట్టిన బిడ్డను, డిసెంబరులో పుట్టిన బిడ్డను కూర్చుండబెట్టి, చిన్నది వెనుకబడెనని నిందించు మనకు ఈ లెక్క క్రొత్తది కాదు.

దానిని అమ్ముటకును చూచిరి. అక్కడ క్లెయిమింగు పందెములను నొక పద్ధతి కలదు. అందు దిగిన ప్రతి గుఱ్ఱమునకు వెల కట్టియుండును. ఆ వెల చెల్లింపగలవారెవ్వరైనను దానిని కొనవచ్చును. 2,500 డాలర్ల వెలతో దీనిని పలుమారులట్లు దింపినను కొనువాడు రాలేదు. సాలలో మేటి గుఱ్ఱములకు అభ్యాసవేళ తోడుగా పరుగెత్తుటకు గూడ దీనిని వాడుకొనిరని దీని చరిత్రకారులు వ్రాసిరి. అనగా ఇతరుల గెలుపునకు ఇదొక పనిముట్టు. ఏడాదిన్నరలో నలువదికి పైగా పందెములు పరుగెత్తి, అలసి, విసిగి, సాలలో నిలుకడ లేక పచార్లు చేయుచు, తిండి మానివేసి, చేరవచ్చినవారిని కఱవబోవు స్థితికి వచ్చెను. సోమరి యని మొదట పేరు పెట్టినవారే అది పెంకిదని రెండవ పేరును పెట్టిరి.

1936 ఆగస్టులో సరటోగా అను చోట దీనిని 8,000 డాలర్లకు అమ్మివేసిరి. కొన్నవాడు చార్లెస్ హోవర్డ్; శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదట సైకిళ్లు బాగుచేయుచు, పిదప మోటారుకార్ల వ్యాపారమున ధనికుడైనవాడు. అతని శిక్షకుడు టామ్ స్మిత్; పశ్చిమదేశపు పచ్చికబయళ్లలో గుఱ్ఱములతో పెరిగిన మితభాషి. ఆ వేసవిలో బోస్టను పందెపుమైదానమున సీబిస్కెట్‌ను చూచి, దీనిలో పస యున్నదని యజమానికి చెప్పినవాడు అతడే.

ఇచట మాకు అరణ్యపర్వములోని నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున నున్న నలుడు, ఒక్క దినములో విదర్భకు చేరవలసి వచ్చినపుడు, బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱి తెచ్చెను. రాజు వెఱగుపడి, ఇవి దారిలోనే కూలబడవా యనెను. బాహుకుడు వాని మేని సుడులను, ముక్కుపుటములను చూపి, పని వీనివలననే యగునని చెప్పెను, అట్లే యయ్యెను. రాజు సాలలో బలిసిన గుఱ్ఱములకు కొదువ యుండెనా? ఉండుటవలననే అతని చూపు ఆ బక్కవానిపై నిలువలేదు. కలిమి యొక్కొక్కప్పుడు కంటికి పొరవంటిది.

స్మిత్ చేసిన చికిత్సయెట్టిదో వినుడు. అందు మంత్రము లేదు. మొదట విశ్రాంతి నిచ్చెను. కడుపునిండ మంచి మేత పెట్టెను. ఒంటరితనముచే అది కలవరపడుచున్నదని గ్రహించి, రెండు గదుల నడిమి గోడ తీయించి, పంప్‌కిన్ అను నెమ్మదైన పసుపువన్నె గుఱ్ఱమును దానికి తోడుగా కట్టించెను. ఒక కుక్కయు, ఒక చిన్న కోతియు గూడ ఆ గదిలో చేరెనట! ఎంతసేపు నిద్రించినను లేపవలదని ఆజ్ఞ. రౌతుగా రెడ్ పొలార్డ్ అనువాడు కుదిరెను. అతనికి ఒక కంట చూపు లేదు, ఆ సంగతిని లోకమునకు దాచియుంచెను. అతనికిని అంతవఱకు అదృష్టము కలిసిరాలేదు. కసరుటకంటె నచ్చచెప్పుటయే ఈ గుఱ్ఱమునకు పనికివచ్చునని అతడు తెలిసికొనెను.

ఫలము 1937లోనే కనబడెను. ఆ యేట 15 పందెములలో 11 గెలిచి, ఆ దేశమున ఆ సంవత్సరము అన్ని గుఱ్ఱములకంటె నెక్కువ ధనమార్జించెను. 1938 నవంబరు 1వ తేదీన బాల్టిమోరులోని పిమ్లికో మైదానమున వార్ అడ్మిరల్ అను గుఱ్ఱముతో దీనికి ద్వంద్వపందెము జరిగెను. వార్ అడ్మిరల్ 1937లో త్రికిరీటము గెలిచినది. మేన్ ఓ వార్‌కు కొడుకు. అనగా సీబిస్కెట్‌కు పినతండ్రి వరుస. వయసున మాత్రము ఒక యేడు చిన్న. మన పెద్ద కుటుంబములలో ఇట్టి వింతలు లేవా? పొలార్డ్ కాలు విఱిగి మంచమున నుండుటచే జార్జి వుల్ఫ్ అను రౌతు స్వారి చేసెను. దేశమంతయు రేడియోలచెంత చెవియొగ్గి కూర్చుండెను. తొలి దూకులో వార్ అడ్మిరలే ముందుండునని అందఱును తలంచిరి. స్మిత్ తన గుఱ్ఱమునకు గంట మ్రోగిన వెంటనే దూకుటను ముందే నేర్పియుంచెను. సీబిస్కెట్ నాలుగు గుఱ్ఱముల నిడివి వెనుక బాబాయిని విడిచి గెలిచెను.

అంతతో కథ ముగియలేదు. 1939లో దాని ముంగాలి స్నాయువు తెగి, ఇక పరుగెత్తదనుకొనిరి. కాలు విఱిగిన పొలార్డును, కాలు చెడిన గుఱ్ఱమును హోవర్డుగారి రిడ్జ్‌వుడ్ పొలమున ఒకరికొకరు తోడుగా నడుచుచు కోలుకొనిరి. శాంటా అనితా మైదానములో జరుగు లక్ష డాలర్ల పందెమును సీబిస్కెట్ 1937లోను, 1938లోను ముక్కువాసిలో పోగొట్టుకొనియుండెను. 1940 మార్చి 2వ తేదీన, ఏడేండ్ల ప్రాయమున, ఆ పొలార్డే స్వారి చేయగా దానినే గెలిచెను. అప్పటికి 89 పందెములలో 33 గెలిచి, అంతవఱకు లోకమున ఏ గుఱ్ఱమును ఆర్జింపనంత ధనమార్జించి విశ్రమించెను. 1947 మే నెలలో ఆ పొలముననే కన్నుమూసెను. దీని చరిత్రను 2001లో గ్రంథముగా వ్రాసినది లారా హిల్లెన్‌బ్రాండ్ అను స్త్రీ. ఆమె దీర్ఘకాలపు నీరసవ్యాధిచే ఇల్లు కదలలేని స్థితిలో ఆ గ్రంథమును సమకూర్చినదని తెలిసినపుడు మాకు ఆమెయెడ గౌరవము ఇనుమడించినది.

ఇది ఒక్కదాని అదృష్టమని కొందఱనవచ్చును. మఱొకటి వినుడు. టెక్సాసులో కింగ్ రాంచ్ అనునది మహాసంపన్నమైన పశుక్షేత్రము. 1941లో వారికి పుట్టిన స్టైమీ యను గుఱ్ఱమును పనికిరాదని తలంచి, 1943లో క్లెయిమింగు పందెములో దింపగా, హిర్ష్ జేకబ్స్ అను శిక్షకుడు 1,500 డాలర్లకు కొనెను. అది అతని భార్య ఎథెల్ జేకబ్స్ పేరిట పరుగెత్తెను. 131 పందెములు పరుగెత్తి, 35 గెలిచి, ఆ యిల్లాలికి 9,18,485 డాలర్లు తెచ్చిపెట్టెను. కింగ్ రాంచ్ వారు గుఱ్ఱముల నెఱుగనివారని యనుటకు వీలులేదు. 1946లో త్రికిరీటము గెలిచిన అసాల్ట్ వారిదే. అట్లే వీట్లీ అశ్వశాలవారును తెలివిమాలినవారు కారు. 1957లో ఆ దేశపు ఉత్తమాశ్వముగా ఎన్నికైన బోల్డ్ రూలర్ వారిదే, దానికి శిక్షణ యిచ్చినదియు ఆ ఫిట్జ్‌సిమ్మన్సే. కావున ఈ లోపము తెలియమివలన వచ్చినది కాదు.

మఱి దేనివలన వచ్చినది? మాకు తోచినంతవఱకు మూడు కారణములు కలవు. మొదటిది సంఖ్య. సాలలో గుఱ్ఱములు పెరిగినకొలది చూచు కన్నులు తఱుగును. శిక్షకుని పేరు గొప్పదే కాని, ప్రతి ప్రాణిని ప్రతిదినమును చూచునది పనివాండ్రు. వారు చెప్పిన రెండు మాటలే దాని జాతకమగును. రెండవది కొలమానము. తొందరగా పండినదానినే మేలైనదనుకొందురు. 2006లో ఫ్లారిడాలో రెండేండ్ల గుఱ్ఱమొకటి విక్రయశాల పరీక్షలో ఒక ఫర్లాంగును 9.8 సెకండులలో పరుగెత్తగా, ప్రపంచమునందలి మహాబలవంతములగు రెండు అశ్వశాలలు పోటీపడి వెల పెంచుటచే అది 160 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. దాని పేరు ది గ్రీన్ మంకీ. అది మూడు పందెములు మాత్రమే పరుగెత్తి, ఒక్కటియు గెలువక విరమించెను. మూడవది యన్నిటికంటె సూక్ష్మమైనది. పెద్ద సాలకు ఒక గుఱ్ఱము చెడినను నష్టము తెలియదు. దాని స్థానమున మఱొకటి సిద్ధముగా నుండును. ఒక్క గుఱ్ఱమే గలవాడు దానిని విడిచిపెట్టి యెక్కడికి పోగలడు? అతనికి పరిశీలన గుణము కాదు, గత్యంతరము లేని యవసరము.

ఈ కథ విని, వెనుకబడిన ప్రతి గుఱ్ఱమును సీబిస్కెట్ యగునని భ్రమపడుటయు తగదు. విశ్రాంతియు, మేతయు, తోడును ఇచ్చిన పిమ్మటను సామాన్యముగానే యుండిపోవు గుఱ్ఱములు వేలకొలది కలవు. అయినను వానికి ఆ విశ్రాంతి, ఆ మేత, ఆ తోడు తగవందుమా? గెలుపు తెచ్చునను ఆశతోనే ప్రేమించువాడు స్మిత్ కాజాలడు. అతడు ముందు గోడ తీయించెను, గెలుపు పిదప వచ్చెను.

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని మన పెద్దలు ఊరకే యనలేదు. మా వారు కథ ముగించి నిద్రించిన తరువాత మేము చాలసేపు మేలుకొని యుంటిమి. పెద్దది పాఠము ఒప్పజెప్పునపుడు పుస్తకము పట్టుకొని కూర్చుండునది యెవరు? చిన్నది. మంచినీళ్లు తెచ్చునది, విసనకఱ్ర విసరునది, అక్క చదువునపుడు చప్పుడు చేయకుండ వసారాలో నొంటిగా కూర్చుండునది యెవరు? చిన్నదే. మేటి గుఱ్ఱమునకు అభ్యాసపు తోడుగా పరుగెత్తు గుఱ్ఱమును మేమే మా యింట కట్టియుంచితిమి. దాని చదువును ప్రక్కన కూర్చుండి చూచి యెన్ని దినములైనదో లెక్కింపబోగా మాకు సిగ్గు కలిగినది.

మఱునాటినుండి పిల్లను పంపు మాట విడిచితిమి. మధ్యాహ్నమున వంటపని ముగిసిన పిదప అరగంట దానిది. ఆ యరగంటలో పెద్దదానికి మమ్ము పిలుచు హక్కు లేదు. మొదటి నాలుగు దినములు అది మాటాడనే లేదు. అయిదవనాడు, గోడమీది యక్షరములు చదువుమని చూపగా, దగ్గఱకు పోయి కనులు చిట్లించి చదివినది. బడిలో నల్లబల్లమీది వ్రాత దానికి కనబడుటలేదు! నేత్రవైద్యునికడకు తీసికొనిపోయి అద్దములు పెట్టించితిమి. అది లెక్కలలో అక్కను మించునో లేదో మేమెఱుగము. మించవలెనని కోరుటయు మానితిమి. అద్దములు పెట్టుకొని ఇంటికి వచ్చుచు దారిలో ఆగి, వేపచెట్టునకు ఇన్ని ఆకులు విడివిడిగా నుండునా యమ్మా, అని యడిగినది. తొమ్మిదేండ్లు మా కంటియెదుట తిరిగిన బిడ్డ మాటకు మేము బదులు చెప్పలేకపోతిమి.

సోదరీమణులారా! మీ యిండ్లలోను సాలలున్నవి. సోమరి యనియు, పెంకి యనియు పేరుపడిన కూతురో, కోడలో, పనిపిల్లయో అందొకతె యుండకపోదు. ఆ పేరు పెట్టినవారు ఆమెను ఎన్ని దినములు చూచి పెట్టిరో ఒక్కమాఱు విచారింపుడు. ఈ మాసమునకు మా మనవి యింతే.